ఒక ఒత్తు

మా ఆఫీసు సోమాజిగూడలో, నాలుగో అంతస్తు.
కింద టైర్ల షాపు, పైన పళ్ల డాక్టరు.
మధ్యలో మేం
ఊళ్లో వాళ్లకు ఇంకా తట్టని కోరికలకు
పేర్లు పెడుతుంటాం.

బొంబాయి నుంచి హిందీ వాక్యం
సాయంత్రం ఐదింటికి దిగుతుంది,
పొద్దున్నకల్లా తెలుగులో కావాలని తోక తగిలించుకుని.
పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి
నేను పోసిన అట్టు
పెనం వదలదు.
ఫ్లోరెన్స్ చదివి అంటుంది:
"మా అత్త ఇట్ల మాట్లాడదు కదా!"
మారేడ్‌పల్లిలో ఉండే ఆ అత్త కోసం మళ్లీ రుబ్బుతాను.
మా ప్రతి సబ్బుకూ ప్రతి కుక్కరుకూ
ఆవిడే జడ్జీ.
ఇంతవరకు ఒక్కటీ కొనలేదు.

బతుకమ్మప్పుడు రజిత
దేవరకొండ బస్సు దిగింది, సంచి నిండా తంగేడుతో.
రిసెప్షన్ బల్ల పక్కకు జరిపి ఆడాం.
తెల్లారేసరికి ఆ ఫోటోలు
ఒక చీరల దుకాణానికి చూపించే
ఏడో స్లైడు అయ్యాయి.
రజిత ఏమీ అనలేదు.
ఆ మధ్యాహ్నం డబ్బా మాత్రం
మెట్ల మీద ఒక్కతే కూర్చుని తిన్నది.

వైకుంఠం గారు ప్రూఫులు చూస్తారు.
అరవై మూడేళ్లు.
ఒకప్పుడు బేగంబజార్‌లో
సగం షట్టర్ల మీది రాత ఆయనదే.
ఫ్లెక్సులొచ్చి కుంచె ఎండిపోయింది.
ఇప్పుడు ఎర్ర రీఫిల్‌తో
మా దీర్ఘాలు సాగదీస్తారు, పొల్లులు విరుస్తారు.
"అక్షరానికి నడుముంటది బిడ్డా,
మీ కంప్యూటర్‌ది వంగదు."

ఆయన బోనాల సెలవు పెట్టిన వారమే అయింది అది.

నగల దుకాణం. నలభై అడుగుల బోర్డు.
పంజగుట్ట చౌరస్తా.
వాక్యం నాదే: ముప్పై ఏళ్ల నమ్మకం.
ఫాంటు మార్చేటప్పుడు ఎక్కడో
ఆ ఒత్తును మెషీను మింగింది.
పొద్దున ఆరుంబావుకు అంజద్ ఫోను:
"ముప్పై ఏళ్ల నమకం అని పడ్డది.
బంగారం అమ్ముతున్రా, నమక్ అమ్ముతున్రా?"
నవ్వాడు. ఆపాడు.
"సేఠ్ పదింటికి అటే పోతడు."

కొత్త ఫ్లెక్సు మధ్యాహ్నానికి గానీ రాదట.
ఆటోలో లాల్‌దర్వాజ వెళ్లాను.
గుమ్మానికి ఇంకా వేపమండలు.
చెబితే తిట్టలేదాయన.
మంచం కింద నుంచి రేకు డబ్బాలు లాగి
స్క్రూడ్రైవరుతో మూతలు లేపారు.
"మెరూన్ కావాలండీ."
"ఎరుపుల నలుపు పోస్తే అదే ఐతది."

నిచ్చెన పైన ఆయన.
కింద నేను, పైకి చూడకుండా
దాని కాళ్లు పట్టుకుని.
సిటీ బస్సుల్లోంచి మెడలు బయటికొచ్చాయి.
ట్రాఫిక్ పోలీసు ఒకతను ఈల నోట్లో పెట్టుకుని
ఊదడం మరిచాడు.
నా చేయంత పొడుగు ఒత్తు.
పావుగంట.
దిగి, మోకాళ్లు పట్టుకుని కాసేపు ఆగి,
వెనక్కి నడిచి, ఒక కన్ను మూసి చూశారు.

"జర ఎడమకు పోయింది."

సేఠ్ పదింటికి వెళ్లాడు. ఏమీ గమనించలేదు.
మధ్యాహ్నం ఫోన్ చేసింది
లోగో ఇంకొంచెం పెద్దది చేయమని.

ఆయన ఆటో డబ్బుల వోచరు మీద
ఇతర కర్చులు అని రాసింది ఫ్లోరెన్స్.
ఎర్ర రీఫిల్‌తో ఖ దిద్ది
సంతకం పెట్టారు.

వానలు వెనకబట్టాక ఒక సాయంత్రం
బోరబండలో బస్సు ఆగింది.
పునుగుల బండి మీద కప్పు
మా ఫ్లెక్సే, తలకిందులుగా కట్టారు.
నెక్లెస్ వేసుకున్న అమ్మాయి మెడ దగ్గర చిరిగింది.
ముప్పై వెలిసింది, ఏళ్లు వెలిశాయి,
నమకం దాదాపు తెల్లబడింది.
ఎనామిల్ ఒత్తు ఒక్కటే
నూనె పొగలో మెరూన్‌గా ఉంది,
తలకిందులు కదా,
జర కుడికి.