గోతాల కొండ

ముగ్గురు రాజుల పండగ అయిపోయింది.
కొండమిట్ట గుడిలో ఒంటెలు మళ్లీ
పాత క్యాలెండరు కాగితాల్లోకి పోతా ఉండాయి.
మెల్కియోరుకు సెప్టెంబరు, ఒంటెకు మార్చి.
బాలయేసు చిటికెనవేలు ఎం-సీల్‌తో అతికించిందెవరో
అందరికీ తెలుసు, ఎవరూ అనరు.
గొర్రెల్ని లెక్కపెట్టేది ఇన్నాసి,
పదకొండని ఒకసారి, తొమ్మిదని ఒకసారి.
"రెండు యాడికి పొయినాయవ్వా?"
కాపరి నిద్రపొయినాడేమో చూడరా, అన్నాను.

నాకు ఒకటే పని.
గోతాలు మడిచేది.

బెల్లం మండీ గోతాలు, పదహారు.
మా ఆయన చౌరప్ప మూటలు మోసినన్నాళ్లూ
చిరిగిందొకటి, చిరిగిందొకటి, అడిగి తెచ్చినవి.
బొగ్గుపొడి, సున్నం, ఇంత మైదాగంజి,
అంతే, బేత్లెహేము కొండ లేచేది.
ఎంత పూసినా బెల్లం వాసన పొయ్యేది కాదు.
డిసెంబరు ఇరవైకల్లా చీమలు దిగేవి
గొల్లలకంటే ముందు, రాజులకంటే ముందు,
దేవదూత ఎవరికీ ఏమీ చెప్పకముందే
బారులు తీరి బాలయేసు పాదాలకాడికి.
ఫాదర్ గమాక్సిన్ చల్లమంటే
ఈయన చేతులు కట్టుకోని,
"పిలవకుండా వచ్చిన చుట్టాలు స్వామీ,
పండగపూట ఎట్ల పొమ్మనేది" అనేవాడు.

పోయిన జులైలో పొయినాడు.
నలభయ్యో దినం పూజ కూడా అయింది.
అందరూ మంచి మాటలే చెప్పినారు,
ఒక్కటీ గుర్తులేదు.
సమాధికాడ ఎవరిదో గొడుగు గాలికి తిరగబడింది,
అది గుర్తుంది.

ఈసారి కొండ పిల్లోళ్లు కట్టినారు.
వంకరగా కట్టినారు.
నక్షత్రం కుడిపక్కకు పొయ్యింది,
గాడిద వెనకాలెక్కడో
గోడతో మాట్లాడతా నిలబడింది.
నేను రాగినారు పెట్టినాను, అది ఎప్పుడూ నా వాటా:
తడిగోతం మీద గుప్పెడు రాగులు,
పండగనాటికి పచ్చగా, నిమిరితే
పుట్టెంట్రుకలు తీసినాక చిన్నపిల్లోని తల మాదిరి.
వంకర గురించి నోరెత్తలేదు.
ఆ మాటను నాలిక మీదనే పెట్టుకున్నాను,
దివ్యసత్ప్రసాదం మాదిరి, నమలకుండా.

ఇప్పుడు ఒక్కొక్కటే విదిలిస్తా ఉండాను.
ఆయన మడత నాకు తెలుసు:
నిలువుకు రెండు, అడ్డానికి మూడు,
ఆనక మోకాలితో ఒక నొక్కు.
నాలుగోదాని మూలలో ఏందో తగిలింది.
బీడీకట్ట. సగం.
ఆరేండ్ల కిందట తపస్కాలంలో
బలిపీఠం ముందర బీడీలు మానేసిన మనిషిది.
నవ్వొచ్చింది. గుడిలో, ఒక్కదానికే, పైకే.
ఇన్నాసి భయపడి ఫాదర్‌ని పిలవబోయినాడు.

పదిహేను మడిచినాను.
పదహారోది రాలేదు.
లాగితే కిర్రుమనింది.
తిరగేసి చూస్తే
రాగినారు వేర్లు గోనెపోగుల్లో దూరి
అటుపక్క తెల్లగా, తలవెంట్రుకంత సన్నంగా
నేల కోసం తడుముకుంటా ఉండాయి.
మడిస్తే తెగతాయి.
మడవకపోతే అటక ఎక్కదు.

చానాసేపు కూర్చున్నాను.
ఏటేటా ఈ పచ్చని పెరికి
గుడి వెనక దిబ్బలో పారేసింది నేనే,
గోతం దాచుకునే తొందరలో.

"దీన్ని ఏం చేసేది అవ్వా?"
"అట్లనే ఎత్తు. ఆ కొస నువ్వు పట్టుకో."

ఇద్దరం మోసినాము, నిద్రపొయ్యే మనిషిని
మంచం మార్చినట్టు.
కొళాయి కారే చోట పరిచినాము, గోతంతో సహా.
నీళ్లు ఇంకతానే
యాణ్నించి వచ్చినాయో, చీమలు.

మిగతా పదిహేనూ
ఇన్నాసివాళ్ల నాయనకిచ్చేసినా, వాళ్ల బర్రెకు చలంట.
వచ్చే ఏడు థర్మాకోల్ కొంటారంట పిల్లోళ్లు.
కొననీ.

ఫాదర్ వచ్చి నారు చూసినాడు.
"పునరుత్థానం, తెరేజమ్మా!" అన్నాడు.
"ఇంకా దూరం స్వామీ,
నడాన తపస్కాలముంది" అన్నాను.

బీడీకట్ట మాత్రం
కొంగుకు ముడేసుకోని ఇంటికొచ్చినా.
అంతా ఒక్కదినమే ఇడిచిపెట్టేదానికి
నేనేమన్నా పునీతురాలినా.