బొంగరప్పిట్ట

తుపాను తీరం దాటిన మూడో రోజు
తెల్లారుజామున నాలుగున్నరకే వ్యాను.
సముద్రంలో ఉండాల్సిన పిట్ట ఒకటి గాలికి కొట్టుకొచ్చి
పళ్ళికరణై బురదలో దిగిందని ఇన్బా కబురు.
పదకొండు మందిమి. తొమ్మిది కెమెరాలు.
నా దగ్గర మనవడి బైనాక్యులర్స్,
ఎడమవైపు అద్దం పగిలింది,
కాబట్టి లోకం నాకు సగమే స్పష్టం.

ఫోటోలు నాకు చేతకావు. లెక్క చేతనవును.
ముప్పయ్యొక్కేళ్ళు జైలు వార్డర్ని,
సాయంత్రం ఆరు కొట్టగానే తలలు లెక్కపెట్టినవాణ్ణి.
అందుకే ఈ పిల్లలు నన్ను వెంటబెట్టుకెళ్తారు.
"ఆ బాతులు ఎన్నో చెప్పండి సార్" అంటారు.
నూట నలభై రెండు, అంటాను.
ఇన్బా ఫోటో తీసి, కంప్యూటర్లో ఒక్కోదాని మీదా చుక్క పెట్టి
రాత్రికి ఫోన్ చేస్తాడు: నూట నలభై మూడు సార్.
ఆ ఒక్కటీ నన్ను నిద్రపోనివ్వదు.

రోడ్డుకి అటు అద్దాల మేడలు, ఇటు చెత్తగుట్ట పొగ,
మధ్యలో మోకాలి లోతు నీళ్ళు.
నీళ్ళలో చెప్పులు, థర్మాకోల్ ముక్కలు,
తలకిందులైన ప్లాస్టిక్ కుర్చీ.
కుర్చీ పక్కన, అదిగో, అన్నారెవరో.

పిచ్చుక కన్నా కాస్త పెద్దది. బూడిద రంగు.
కంటి వెనక్కి చెరిగిన కాటుక గీత.
దీని కోసమా ఇంత దూరం అనుకునేలోగా
అది తిరగడం మొదలెట్టింది,
ఉన్నచోటే, నీళ్ళ మీద, గిరగిరా,
తాడు లాగి వదిలినట్టు,
తిరిగి తిరిగి అడుగునున్న పురుగుల్ని పైకి తేల్చి
సూది ముక్కుతో ఏరుకుంటూ.

తొమ్మిది కెమెరాలూ ఒక్కసారిగా, రేకుల మీద వడగళ్ళలా.
"లైఫర్! లైఫర్!" గొంతు నొక్కుకుని అరిచింది యాళిని.
బతుకులో మొదటిసారి చూసిన పిట్టని అట్లా అంటారట.
మా డ్యూటీలో ఆ మాటకి అర్థం వేరు.

మాసిలామణి లైఫర్.
పాత సెంట్రల్ జైలు, వంటశాల వెనక నీళ్ళ తొట్టి.
అప్పుడూ ఇట్లాంటి తుపానే, రెండు రాత్రులు కరెంటు లేదు,
మూడో సాయంత్రం లెక్కకి ఒక తల తక్కువ.
ఈల ఊదాను. గంట కొట్టారు. లాఠీలు పరిగెత్తాయి.
తొట్టి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు.
"అయ్యా, మెల్లగా రండి, బెదురుతుంది.
పిట్టండీ. నీళ్ళ మీద బొంగరం తిరుగుతోంది."
నేను వంగి చూసేసరికి తొట్టిలో నీళ్ళే,
సుడి ఇంకా ఆగని నీళ్ళు.
పిట్టలు తిరుగుతాయట్రా బొంగరాల్లా?
రిజిస్టర్లో రాశాను: అబద్ధం చెప్పాడు.
నెల రోజులు ములాఖత్ బంద్.
ఆ నెల్లోనే వాళ్ళమ్మ తిరుత్తణి నుంచి వచ్చి
గేటు దగ్గర మురుకుల పొట్లం ఇచ్చి వెళ్ళిపోయింది.
పొట్లం మేమే తినేశాం.

సుక్కు కాపీ చేతిలోనే చల్లారింది.
ఇన్బా తన ఫిరంగి లెన్సు వెనక చోటిచ్చాడు,
"చూడండి సార్, కన్ను కూడా కనిపిస్తుంది."
చూశాను. అది నావైపు చూడలేదు.
దానికి పని ఉంది.

పుస్తకంలో దానికి నోరు తిరగని ఇంగ్లీషు పేరుంది.
మీ తెలుగులో ఏమంటారు సార్, అన్నారు.
బొంగరప్పిట్ట, అన్నాను తడుముకోకుండా.
ఎవరు పెట్టిన పేరో చెప్పలేదు.

వెనక్కి వచ్చేటప్పుడు యాళిని నోట్‌బుక్ తీసింది.
ఇవాళ ఎవరికి ఎన్ని లైఫర్లు?
ఇద్దరికి రెండేసి, మిగతావాళ్ళకి ఒక్కోటి.
నా వంతు వచ్చింది. "ఒరుత్తన్" అన్నాను. ఒక్కడు.
వ్యానంతా నవ్వు. తెలుగాయన తమిళం మరి.
"పిట్టని ఒణ్ణు అనాలి సార్" అని సరిచేసి
ఒకటి, అని రాసుకుంది.
నేను దిద్దుకోలేదు.

దురైపాక్కం సిగ్నల్ దగ్గర, అలవాటు కొద్దీ,
సీట్ల మీంచి కనిపించే తలలు లెక్కపెట్టాను.
నాతో కలిపి పదకొండు.
మళ్ళీ పెట్టాను.