రెండుంచు

రాత్రి డ్యూటీలో లైటు తీసేయబోతే
హెస్టర్ ప్లౌరైట్ నా మణికట్టు పట్టుకుంటుంది:
"రెండుంచు."
గదిలో ఉన్నది ఒకటే లైటు.

తొంభై ఆరేళ్లు. పొద్దున ఏం తిన్నదో గుర్తుండదు.
నలభై రెండులో, నారిచ్ పొలిమేరలో
బీట్‌దుంపల చేను చదును చేసి వేసిన విమానాల బాట మాత్రం
గజాలతో సహా చెబుతుంది.
తొమ్మిది వందలు. చివర కంచె. కంచె అవతల గొర్రెలు.

బాట పక్కన పద్నాలుగు కిరసనాయిలు దీపాలు ఆమెవి.
మొక్కలకు నీళ్లు పోసే డబ్బాల్లా ఉండేవట,
పొడుగాటి ముక్కు, ముక్కు కొసన వత్తి.
వాళ్ల నాన్న చూసి
ఏం మొలిపిస్తావే వీటితో, అని నవ్వాడట.

ఊరంతా నల్లగుడ్డ కప్పుకుని ఊపిరి బిగబట్టిన రోజులు.
చుట్ట ముట్టించినా వార్డెను తిట్టేవాడు.
ఆ ఊరిని కాయడానికి ఎగిరినవాళ్లు దిగాలంటే
ఈ చేను ఒక్కటీ ముసుగు తియ్యాలి,
ఆరు నిమిషాలు.
ఆ ఆరు నిమిషాలూ ఊరి గుట్టంతా
పదిహేడేళ్ల పిల్ల అగ్గిపెట్టెలో ఉండేది.

ఏప్రిల్లో ఒక రాత్రి
ఎరిగిన దగ్గు దగ్గుతూ ఒక ఇంజను తూర్పు నుంచి వచ్చింది.
దాని వెనకే, ఎరగనివి.
టెలిఫోను మోగింది: ఆర్పెయ్.

తడి గోనెసంచి పట్టుకుని పరిగెత్తింది.
ఒకటి. ఐదు. తొమ్మిది. బూట్లలో మంచునీళ్లు.
పన్నెండు దగ్గర ఆగింది.
ఎందుకాగావని నేనడగలేదు.
కాళ్లు నొప్పులు పుట్టాయి, అంది తనే.

మా భాషలో దీపం ఆరిందనకూడదు హెస్టర్,
కొండెక్కిందనాలి, అన్నాను.
చాలాసేపు ఆలోచించింది.
"ఇక్కడ కొండలు లేవుగా.
మరి ఆ పన్నెండూ ఎక్కడికి పోయుంటాయి?"

విమానం దిగిందా అంటే
ఒక్కో రాత్రి దిగుతుంది, కుర్రాడు చేతి తొడుగులు విప్పి
సిగరెట్టుకి నిప్పడుగుతాడు.
ఒక్కో రాత్రి గొర్రెలు అరుస్తాయి, అంతే.
ఊరి సంగతి ఎప్పుడూ చెప్పదు.

పెద్ద లైటు తీసేస్తాను.
బాత్రూం తలుపు బెత్తెడు తెరిచి, లోపలిది వదిలేస్తాను.
ఇంకొకటి కావాలి.
ఫోనులో టార్చి వేసి కిటికీ గూట్లో నిలబెడతాను,
ఆకాశం వైపు.
చార్జింగు పదకొండు శాతం.
తెల్లవారేదాకా రాదు.