అరుగుదల

ఎనికెపాడు షోరూమ్‌లో ఏసీ మరీ ఎక్కువగా ఉంది.
జోయెల్ అనే కుర్రాడు
టై ముడి ఓ పక్కకి జారిపోగా
కాలిక్యులేటర్ నా వైపు తిప్పి చూపించాడు.
మూడేళ్ళ లీజు. నెలకి ఇంత.
"ఇవి కాక మేడమ్..."

విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినా
వేళ్ళ సందుల్లోంచి వడ్డించే మనిషిలా
ఒక్కొక్కటే వేస్తూ పోయాడు:
గీతలు పడితే ఒకటి, టైరు పగిలితే ఒకటి,
తాళం పోతే ఒకటి,
సీటు మీద కాఫీ ఒలికితే ఒకటి,
బండి మొత్తానికే పోతే మిగిలిన బాకీకి ఒకటి,
ఇంజన్లోకి నీళ్ళొస్తే ఒకటి.
"ఒక్కోటి రోజుకి టీ డబ్బులే మేడమ్."

రోజు లెక్కన చూస్తే లోకంలో అన్నీ టీ డబ్బులే.
పటమట నుంచి గుణదల దాకా
ఇంటింటికీ వెళ్ళి
వంచండి, చాచండి, పది లెక్కపెట్టండి
అని చెప్పి బతికేదాన్ని.
మోకాలికి నాలుగొందలు.
ఆరు టీలు, ముప్పై రోజులు...
నెలకి నాలుగున్నర మోకాళ్ళు.

ఇంటికెళ్ళి చదువుకుంటానన్నాను.
ఆఫర్ ఇవాళ్టి వరకే అన్నాడు.
నా దగ్గరికొచ్చే వాళ్ళూ అంతే,
నొప్పి ఇవాళే పోవాలంటారు.

రాత్రి గిన్నెలు కడిగాక
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు
చిన్న అక్షరాలు ఏరాను.
జానెడు దాటిన గీత గీత కాదట.
మిగిలిన బాకీ సంగతి
లీజు కాగితం నాలుగో పేజీలో ముందే ఉంది,
మళ్ళీ అమ్ముతున్నాడు.
టైరు పగిలితే ఇస్తారు,
అరిగితే ఇవ్వరు.

అరుగుదల.
రోజూ నా నోట్లో నలిగే మాటే.
"నేనెక్కడా పడలేదే డాక్టరమ్మా"
అంటారు శేషారత్నం గారు మూడో అంతస్తులో.
పడక్కర్లేదండీ, ఎక్కి దిగితే చాలు.
పడ్డదానికి పూచీ దొరుకుతుంది,
నడిచినదానికి ఎవరూ ఇవ్వరు.

ఇక్కడ దేహమే అద్దె బండి అంటూ
వేదాంతం ఎత్తుకోవచ్చు.
ఎత్తుకోను. పొద్దున్నే ఎనిమిదింటికి
సత్యనారాయణపురంలో ఓ భుజం ఉంది.

బుడమేరు మా సింగ్‌నగర్ వీధిలోకి వచ్చినప్పుడు
పాత బండి అద్దాల దాకా మునిగి
ఐదు రోజులు అలాగే నిలబడింది.
నీళ్ళు దిగీ దిగగానే
మా ఆయన బురద కాళ్ళతో ఎక్కి తాళం తిప్పాడు.
ఒక్క దగ్గు దగ్గింది. అంతే.
ఆటోనగర్‌లో ఖాజావలి
చేతులు గుడ్డకి తుడుచుకుంటూ అడిగాడు:
"తిప్పారా?"
తిప్పామన్నాం.
"తిప్పకుండా లాక్కొస్తే బతికేదమ్మా."
నీళ్ళ మీద అప్పటిదాకా ఉన్న కోపం
ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు ఇద్దరికీ.

మర్నాడు జోయెల్‌ని అడిగాను:
బండి ఎవరిది?
"కంపెనీదే మేడమ్."
మరి భయమంతా నా వాటాకి ఎందుకొచ్చింది?
నవ్వాడు. ట్రైనింగ్‌లో నేర్పిన నవ్వు కాదు.

ఐదు కొట్టేశాను.
నీళ్ళదానికి మాత్రం సంతకం పెట్టాను.
మునిగాక తాళం తిప్పితే అదీ చెల్లదని
పదకొండో షరతులో ఉంది.
అందుకే తెల్ల టేపు మీద
నీళ్ళొస్తే తిప్పకు అని రాసి
స్టీరింగ్ కింద అంటించాను.
మా ఆయన చూసి ఏమీ అనలేదు,
టేపు చివర ఊడుతుంటే బొటనవేలితో నొక్కాడు.

తాళాలిస్తూ కుర్రాడు గొంతు తగ్గించి
"మాది పాయకాపురం మేడమ్.
నా బైక్ కూడా పోయింది.
దానికి ఏ ప్లానూ లేదు" అన్నాడు,
మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చి నొక్కుకుంటూ.
రోజంతా స్క్రీన్ మీదికి వంగే మెడ.
వయసు ఇరవై నాలుగుంటుందేమో,
అప్పుడే మొదలైంది.

టై వదులు చెయ్యి, గడ్డం లోపలికి లాగు,
పది లెక్కపెట్టు అన్నాను.
నాలుగు దగ్గర ఫోన్ మోగింది.