బల్లకు ఆనుకుని నిలబడేది నేను

రుస్తావి పాత ఇనుము అంగడిలో
వాజా ఒక ఆకురాయి ఎత్తి చూపించాడు.
"గాజును కూడా గీస్తుంది ఇది."
గీస్తుంది, కాదనను.
పోయినేడు అలాంటి దాన్నే సానబట్టి విసిరితే
చెక్క ముడికి తగిలి మూడు ముక్కలైంది.
ఒక ముక్క నా చెవి పక్కనుంచి
కందిరీగలా పోయింది.
ఆ రాత్రి తను రొట్టె ముట్టలేదు.
నేను మాత్రం రెండు పళ్లేలు తిన్నాను.

గేటు పట్టీ ఒకటి మోకాలికి ఆనించి వంచాను.
వంగింది. వంగినది వంగినట్టే ఉండిపోయింది,
ఎవరేమన్నా సరేననే మా మరిది జురాబ్‌లా.
పక్కన పడేశాను.

కొట్టు నడిపే ఎతేరి
సగం కాల్చిన సిగరెట్టు చెవిమీద దోపుకుని
బురదలోంచి కమాను పట్టీ లాగింది.
లారీది. ముప్పై ఏళ్లు
పుచ్చకాయలూ సిమెంటూ ఒకసారి ఎవరిదో పియానో మోసి
గుంత గుంతకీ వంగి లేచిన ఉక్కు.

"దీనికి అంచు నిలవదు," అన్నాడు వాజా.
అంచెందుకు? నా జుట్టు కత్తిరించమన్నానా?
మొన ఉంటే చాలు.
గురి తప్పిన రోజున
ముక్కలై నన్ను వెతక్కుండా
ఒక్కటిగా కిందపడే ఇనుము కావాలి నాకు.

జానలతో కొలిచాను. ఐదు కత్తులొస్తాయి.
తను అవతల తూకం దగ్గర బేరమాడుతున్నాడు,
ముల్లు మీదికి బాగా వంగి, కళ్లు చికిలించి.
ఎతేరి అటు చూసి, గొంతు తగ్గించి,
"ఎన్నాళ్లనుంచి?" అంది.

నేను సుత్తి తీసుకుని
పట్టీని ఇంకోసారి తట్టి విన్నాను.