మీటరు చూసే మనిషి చెప్పినది

ఈ ఊళ్ళో ఏ ఇంటి దాహం ఎంతో
నాకు అంకెల్లో తెలుసు.
నెలకోసారి ఇనుప మూతలెత్తి,
సాలెగూళ్ళు తుడిచి, రాసుకుపోతాను.
థర్మన్ ఇంటిది ఎప్పుడూ పెద్ద అంకె.
వెర్నా గులాబీలు, వెర్నా పచ్చిక.
ఉత్తర నెవాడా ఎండలో
ఆ ఒక్క చదరం పచ్చగా, అబద్ధంలా.

వెర్నా పోయిన రెండో ఏడు
పచ్చికంతా పారతో చెక్కేశాడు.
నర్సరీకి పోయి జానెడు మొక్క తెచ్చాడు, బూడిదరంగుది.
సేజ్‌బ్రష్.
ఊరి చివరి పెట్రోలు బంకు దాటితే
కొండల దాకా ఉన్నది అదే.
దాన్ని కొనుక్కొచ్చాడు, పద్నాలుగు డాలర్లు పోసి.

పక్కింటి రాస్కో కంచె మీద మోచేతులానించి
"పీకడానికి కూలిస్తాం దాన్ని" అన్నాడు.
థర్మన్ నవ్వలేదు.

పీకడం అతనికంటే ఎవరికి తెలుసు?
ఇరవై రెండేళ్ళప్పుడు
రెండు ట్రాక్టర్ల మధ్య ఓడ లంగరు గొలుసు కట్టి
(ఒక్కో లంకె దూడ తలకాయంత)
లోయలకు లోయలు ఈడ్చుకుపోయినవాడు.
వెనక్కి తిరిగితే
వేళ్ళన్నీ ఆకాశం కేసి.
ఎకరానికి ఇంతని ఇచ్చేవారు.
పదకొండేళ్ళ ఆ ఎకరాలే ఈ ఇల్లు.
సముద్రం ఎన్నడూ చూడలేదట,
దాని గొలుసు బరువు మాత్రం భుజానికి గుర్తు.

మొదటి మొక్క చచ్చిపోయింది.
పొద్దున బకెట్టు, సాయంత్రం బకెట్టు,
పైన దోసెడు కోళ్ళ ఎరువు.
మొదలు మెత్తబడి
ముట్టుకుంటే ఆకు చేతికొచ్చింది.
నర్సరీలో డెల్ఫీన్ ఆ మట్టి వాసన చూసి
"ముద్దు ఎక్కువై పోయింది" అంది.
"పెంచకండి. ఉండనివ్వండి."

రెండోసారి మొక్క కొనలేదు.
నవంబరు చివర కొండెక్కి
ఎండిన కంకులు సంచిలోకి దులుపుకొచ్చాడు.
గింజా అది? ముక్కుపొడుం.
"తుమ్మితే ఒక కొండ పోతుంది" అన్నాడు నాతో,
అరచెయ్యి అడ్డం పెట్టుకుని.
జనవరి మంచు మీద చల్లాడు.
తవ్వలేదు, కప్పలేదు.
మంచే కరుగుతూ కరుగుతూ
వాటిని నేలకి అప్పజెప్పింది.

ఏప్రిల్‌లో పదిహేడు మొలకలు.
జూన్‌కి నాలుగు.
ఆ ఎండాకాలం అతను
చేతులు జేబుల్లో పెట్టుకుని తోటపని నేర్చుకున్నాడు.
ఒకసారి చూశాను:
బకెట్టు నింపి గుమ్మం దాకా తెచ్చాడు,
ఆగాడు,
వంగి ఆ నీళ్ళతో తన ముఖం కడుక్కున్నాడు.
చూడనట్టు మూత మూసేశాను.

మీటరు ముల్లు ఇంచుమించు నిద్రపోయింది.
మొక్క మాత్రం లెక్క తెలిసినది.
ఎండ ముదరగానే వసంతపు పెద్దాకులు తానే రాల్చేసి
కొసన మూడు పళ్ళున్న చిన్నాకులతో సరిపెట్టుకుంది.
రాత్రిళ్ళు వేళ్ళతో లోతు తడిని తోడి
పైమన్నుకి కాస్త వదులుతుందట.
డెల్ఫీన్ చెప్పింది.
ఆ నీళ్ళకి మీటరు లేదు.

మోకాలెత్తు రావడానికి అయిదేళ్ళు.
ఇది వందేళ్ళు బతకగలదు,
అతనికి ఎనభై ఒకటి.
ఆ లెక్క ఇద్దరం పైకి అనలేదు.

నిన్న ఆగస్టు మధ్యాహ్నం
పది నిమిషాల వాన.
నేను వాళ్ళ గేటు దగ్గరే ఉన్నాను.
లేచింది వాసన.
దవనం నలిపినట్టు,
కానీ తీపంతా తీసేసిన దవనం,
చేదు, కర్పూరం, తడిసిన రాయి.
థర్మన్ వరండా మెట్టు మీద నిలబడ్డాడు
టోపీ తీసి చేత్తో పట్టుకుని.

"పదకొండేళ్ళు పీల్చాను దీన్ని" అన్నాడు.
"డీజిల్ కలవకుండా
ఇదే మొదలు."

నాకింకా నలభై మూతలున్నాయి.
రాయాల్సిన అంకె పోయిన నెలదే.
అయినా ఆ మూత ఎత్తి,
పెన్సిలు కోసం వెతుకుతున్నట్టు
చాలాసేపు అక్కడే కూర్చున్నాను.