వేలెడు సందు

సోల్జర్‌పేటలో ఆ ఇంటికి
పదకొండు కిటికీలు, నాలుగు తలుపులు.
అన్నీ బర్మా టేకే.
ఉప్పుగాలికి మేకులు కరిగిపోయాయి గానీ
కర్రకేమీ కాలేదు,
కోస్తే ఇంకా నూనె వాసన.

వానాకాలం ఉబ్బేవి, భుజంతో గెంటాలి.
మాఘానికి సన్నబడి
రాత్రంతా గడియతో గొడవ.

హుద్‌హుద్ నాడు ఒక రెక్క ఎగిరి
ఎదురింటి డాబా మీద పడిందట.
ఎవరో తెచ్చి మళ్లీ బిగించారు, తలకిందులుగా.
బద్దలన్నీ లోపలికి వాలి
ఇన్నేళ్లూ వానని
చెయ్యి పట్టి ఇంట్లోకి తీసుకొచ్చిందది.
చూడగానే నవ్వొచ్చింది నాకు.

గాజువాక నుంచి తెల్లటి ప్లాస్టిక్ చట్రాలు దిగాయి.
మూడు రోజుల పని.
పాతవి పెకలిస్తుంటే గోడలోంచి
ఇసుక, ఒక గవ్వ, సగం కాలిన బీడీ.
మా వడ్రంగిదే, ఎవడిదో.

నాలుగో రోజు పొద్దున్నే ఫోను,
జాకెట్లు కుట్టే సన్యాసమ్మ:
"ఏటి మేస్త్రీ,
సముద్రాన్ని కూడా బండెక్కించీసినావేటి?
పోర్టు సైరన్ ఇనపడక
పిల్ల బడికి ఆలీసమైపోనాది."

తెరుచుకోండమ్మా, అన్నాను.
"తెరిస్తే మొత్తం బజారొచ్చి కూకుంటాది.
నాకు కావాల్సింది కూసింతే."

ఆ కూసింత
ఏ కంపెనీ అమ్ముతుందో నాకు తెలీదు.

పాత రెక్కల్ని పూర్ణా మార్కెట్ కొట్టువాడు
కేజీల లెక్కన అడిగాడు. ఇచ్చేశాను.
ఆ తలకిందుల రెక్కని మాత్రం
ఇంటికి తెచ్చి, సరిగ్గా తిప్పి
వంటగదికి బిగించాను.
వాన రావడం లేదు.
గడియ దగ్గర వేలెడు సందు.
చెక్క ముక్క అతికిస్తే పూడిపోతుంది,
ముక్క కూడా కోసి పెట్టాను
గట్టు మీద,
ఉప్పు డబ్బా పక్కన.